పొలాల అమావాస్య దాకా

మా బాపమ్మ లెక్కలో ఏడాదికి రెండే భాగాలు. జొన్న కల్లం నుంచి పొలాల అమావాస్య దాకా ఒకటి, పొలాల నుంచి మళ్లీ కల్లం దాకా రెండోది. రెండోదాని గురించి ఆమెకు పెద్ద చింత ఉండేది కాదు. శ్రావణం ముగిసి పొలాల వచ్చేనాటికి చేన్లో పెసరకాయ ముదురుతుంది, మక్క కంకి పాలు పోసుకుంటుంది, దడి మీద బీర, కాకర పాకుతాయి. ఏదో ఒకటి కుండలోకి వస్తుంది. కష్టమంతా మొదటి భాగం చివర, మిరుగం (మృగశిర కార్తె) నుంచి పొలాల దాకా ఉండే ఆ రెండు మూడు నెలల్లో. చేన్లో పని మీద పని, ఇంట్లో గింజలు అడుగంటే కాలం. దుకాణంలో ఖాతా తెరిచే కాలం కూడా అదే.

ఇచ్చోడలో 1970ల చివర, 80ల మొదట్లో పెరిగిన నా ఈడువాళ్ల ఇళ్లలో కాస్త అటూ ఇటూగా ఇదే లెక్క నడిచేది. ఇప్పుడు పొదుపు అనగానే ఒక మనిషి, ఒక జీతం, ఒక ఫోను కళ్ల ముందుకొస్తాయి. నెలకు ఇంత దాచు, ఇంత ఖర్చు పెట్టు అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. మేం చూసిన పొదుపు ఒక మనిషిది కాదు, ఒక ఇంటిది కూడా కాదు. ఊరంతా ఒకే తీరుగా బతికితే తప్ప అది సాగదు.

ఊరి గురించి రెండు మాటలు. హైదరాబాద్–నాగపూర్ రోడ్డు మీద, ఆదిలాబాద్‌కు సుమారు 30 కిలోమీటర్ల ఇవతల ఉంటుంది ఇచ్చోడ. ఆ రోడ్డు అప్పుడు 7వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 44. రోడ్డు పొంట లారీలు ఆగే హోటళ్లు, సైకిల్ దుకాణాలు, పిండి గిర్ని. లోపలికి పోతే నల్లరేగడి చేన్లు, ఇంకా లోపలికి పోతే గూడేలు, తండాలు, అడవి. వారపు అంగడిలో తెలుగు, గోండి, మరాఠీ, లంబాడి, ఉర్దూ అన్నీ వినబడేవి. బేరం మాత్రం అందరికీ తెలిసిన కలగాపులగం భాషలో సాగేది. పైసలకు పేర్లు చారాన, ఆఠాన, బారాన. 1957లో కొత్త పైసలు వచ్చి అణాలు పోయినా మా నోళ్లలోంచి పోలేదు. బాపమ్మ ఇంకో అడుగు వెనక ఉండేది. నిజాం హాలీ సిక్కా 1959 దాకా చెల్లింది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలన్న మారకం ఆమెకు నోటికొచ్చు. అక్షరం రాదు, ఆ లెక్క మాత్రం తప్పదు.

ఇక గింజలు నిల్వచేసే గుమ్మి. అది వెనక అర్రలో ఉండేది. గుట్టల మీది గూడెం నుంచి కొలాములు వెదురుతో అల్లి తెచ్చేవాళ్లు. లోపలా బయటా మన్నూ పేడా కలిపి మెత్తి ఆరబెడితే పెద్దవాళ్ల ఛాతీ దాకా వచ్చేది. కింద రాళ్లు, రాళ్ల మీద కట్టెలు, వాటి మీద గుమ్మి. ఎలుక కింద దూరొద్దు, చెమ్మ పైకి ఎక్కొద్దు. జొన్నలు పోస్తూ పొరకో దోసెడు వేపాకు వేసేవాళ్లు. విత్తనానికి ఏరిన కంకులు పొయ్యి పైన దూలానికి వేలాడేవి, పొగకు పురుగు చేరదని. కల్లం మీద కొలిచి, కమ్మరి, వడ్ల, చాకలి, మంగలి మేర తీసి, విత్తనం తీసి, ఎవరికన్నా ఇచ్చేది ఉంటే ఇచ్చి, మిగిలిందే గుమ్మిలోకి చేరేది. గుమ్మిలో ఉన్నదాని మీద ఇంకెవరి పేరూ లేదన్నమాట. ఆ మాట బాపమ్మ ఏటా ఒక్కసారి, మూత పెట్టేటప్పుడు పైకి అనేది.

గుమ్మి పక్కన మూలకు ఒక సన్నటి వెదురు కర్ర ఆనించి ఉండేది. దానికి నల్లదారం ముడులు. ప్రతి అమావాస్య నాడు బాపమ్మ పొద్దున తలకు పోసుకొని, గుమ్మి మూత తీసి, కర్రను అడుగు తగిలేదాకా తిప్పుతూ దింపేది. గింజలు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ బొటనవేలు ఆనించి, వేలు కదలకుండా కర్ర పైకి తీసేది. అన్నింటికంటే పైముడి సంకురాత్రి, తర్వాతిది కాముని పున్నమ, ఉగాది, మిరుగం, అట్టడుగున పొలాల. బొటనవేలు ఆ నెల ముడికి పైన ఉంటే ఏమీ మాట్లాడకుండా మూత పెట్టేది. కింద ఉంటే మాత్రం ఆ పూట నుంచే వంట మారేది.

ఎట్లా మారేదంటే, పొద్దున రొట్టె పోయి అంబలి వచ్చేది. సోలెడు పిండితో రొట్టెలు చేస్తే ఇద్దరికి. అదే సోలెడు పిండి పులియబెట్టి అంబలి కాస్తే నలుగురికి, సల్ల కలిపితే ఇంకొకరికి. రాత్రికి గటుక, పుంటికూర పప్పు. పప్పులో కంది తగ్గి పుంటికూర పెరిగేది. పుల్లగా ఉంటే ముద్ద ఎక్కువ దిగదని మా చిన్నాయిన నవ్వేవాడు. ఇదంతా మాఘంలోనో ఫాల్గుణంలోనో జరిగేది, ఆషాఢంలో కాదు. ఈ పద్ధతికి ప్రాణం అక్కడే ఉంది. మాఘంలో కడుపు నిండా తిని ఆషాఢంలో సావుకారి అరుగు మీద కూర్చున్న ఇళ్లు మా ఊళ్లో ఉండేవి. వాళ్లకు మాకంటే ఎకరం ఎక్కువే ఉండేది. మా అవ్వ (అమ్మ) ఒకసారి, గుమ్మి ఇంత నిండుగ ఉన్నప్పుడే పిల్లలకు అంబలి ఎందుకు పోస్తవు అత్తమ్మా అని అడిగింది. "నిండుగున్నప్పుడే చెయ్యి బిగవట్టాలె బిడ్డా. అడుగు కనవడ్డంక బిగవట్టనీకె ఏముంటది?" అంది బాపమ్మ.

ఉద్దెర అంటే ఆమెకు భయం. కారణం ఉంది. వానకాలంలో గింజలు ఉద్దెర తెస్తే కల్లం మీద మానెడుకు మానెడున్నర కొలిచి ఇవ్వాలి. దాన్నే నాగు అనేవాళ్లు. ఒక ఏడు నాగు తెచ్చిన ఇల్లు మరుసటి ఏడు సగం గుమ్మితో మొదలవుతుంది కాబట్టి ఇంకా ముందే నాగుకు పోతుంది. రెండు మూడేళ్లకు చేను పోతుంది. మా చుట్టుపక్కల గోండు గూడేలు ఇట్లాగే ఖాళీ అయ్యాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు తరఫున మార్లవాయికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ అప్పుల సంగతే మళ్లీ మళ్లీ రాశాడు. ఆయన సలహా మీద ఆ రోజుల్లో ధాన్యం బ్యాంకులు కూడా పెట్టించారు. విత్తనానికీ తిండికీ గింజలు తీసుకొని, పంట చేతికొచ్చాక తిరిగి పోయడం. కరీంనగర్ వైపు ముల్కనూర్‌లో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి సహకార బ్యాంకు మొదలుపెట్టారు. రైతును సావుకారి అరుగు దించడం దాని పని. మా వాడకట్టులో ఆ పని ఏ సంఘమూ చేయలేదు. గుమ్మిలూ చేబదుళ్లూ చేశాయి.

చేబదులుకు నియమాలు ఉండేవి. గింజలు ఏ కొలతతో తీసుకుంటే ఆ కొలతతోనే తిరిగి ఇవ్వాలి. అంచుకు గీసి ఇస్తే గీసి, కుప్పబోసి ఇస్తే కుప్పబోసి. వడ్డీ లేదు. కానీ పండుగ రోజు అడగొద్దు, పొద్దుగూకినంక అడగొద్దు, ఉప్పు చేతికి ఇవ్వొద్దు. పొద్దున పొయ్యి రాజేయడానికి అగ్గిపెట్టె గీసేవాళ్లు తక్కువ. ఎవరింటి కప్పు మీద పొగ లేస్తుంటే వాళ్లింటికి పిడక పట్టుకొని పోయేవాళ్లం. అగ్గిపెట్టెకు పైసలు లేక కాదు. ఎవరింట్లో పొగ లేవలేదో కూడా దాంతోనే తెలిసేది. లేవని ఇంటికి మధ్యాహ్నం లోపల ఎవరో ఒకరు మానెడు గింజలు పట్టుకొని పోయేవాళ్లు. ఆ మానెడు ఎక్కడిదంటే, ప్రతి ఇంట్లో రోజూ కొలిచిన గింజల్లోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి ముంతలో వేసేవాళ్లు. మా ఇంట్లో ఆ ముంత దేవుని గూటి కింద ఉండేది. చుట్టమొచ్చినా, బిచ్చానికి ఎవరొచ్చినా, పక్కింట్లో పొగ లేవకపోయినా ఆ ముంతే. గుమ్మిని ముట్టుకునేది లేదు.

డబ్బు విషయానికొస్తే అది చాలా తక్కువ వాటికే కావాల్సి వచ్చేది. ఉప్పు, గ్యాసునూనె, బెల్లం, చాయ్‌పత్త, ఏడాదికి రెండుసార్లు బట్టలు, బడి ఖర్చు, బస్సు. కుండలు సిరికొండ నుంచి వచ్చేవి. నాగోబా జాతర ముందు మెస్రం వంశస్థులు పూజ కుండలు చేయించుకునేది కూడా ఆ సిరికొండ కుమ్మరుల దగ్గరే. విస్తర్లకు మోదుగాకు, పొయ్యికి అడవి కట్టె. ఎండాకాలం మొర్రిపండ్లు, తునికిపండ్లు పిల్లల పొట్టలోకి. మొర్రిగింజలు కొట్టి తీసిన సారపప్పు మాత్రం ఎవరూ తినేవాళ్లు కాదు, అది పైసలకు పోయే వస్తువు.

అంగడికి బాపమ్మ పెట్టిన సూత్రం ఒక్కటే: అంగడి ఖర్చు అంగడే ఇయ్యాలె. ఉత్త చేతులతో అంగడికి పోవొద్దు. నెయ్యో, చింతపండో, గుడ్లో, సారపప్పో, ఏదో ఒకటి మూటగట్టుకొని పోయి ముందు అది అమ్మాలి. వచ్చిన పైసలతోనే సంచి నిండాలి. ఇంట్లో దాచిన రూపాయి అంగడి ముఖం చూడొద్దు. అమ్మకం బాగా సాగని వారం బెల్లం రాదు. చాయ్‌లో ఉప్పు వేసుకొని తాగిన వారాలు నాకు గుర్తే. రుచి గురించి ఇప్పుడు అబద్ధం చెప్పను, బాగుండేది కాదు. కొనే ముందు అంగడి మొత్తం ఒక చుట్టు తిరగాలి. కూరగాయలు పొద్దు వాలినంక కొనాలి, అప్పుడు వంకాయలు కుప్పకు ఇంత అని అడ్డికి పావుశేరు లెక్కన ఇచ్చేస్తారు. మెత్తబడ్డవీ పుచ్చువీ అందులో వస్తాయి. కోసి ఎండబెడితే ఒరుగులు. ఆ ఒరుగులే ఆషాఢంలో కూర. మా బాపుకు ఈ రెండో చుట్టు తిరగడం నామోషీ. మగవాళ్లకు పొద్దువాలిన బేరం నామోషీగా ఎందుకుంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. పొద్దున్నే పోయి నిగనిగలాడే వంకాయలు పూర్తి ధర పెట్టి తెచ్చేవాడు. బాపమ్మ వాటిని చూసి "మంచిగున్నయి కొడుకా" అని మాత్రం అనేది. ఆ వారం ఒరుగులు ఉండేవి కావు.

పారేసేది అంటూ ఏదీ లేదని అందరూ రాస్తుంటారు, నేనూ అదే రాయాలి. జొన్నలో గింజ మనిషికి, సొప్ప ఎడ్లకు, కొయ్యకాళ్లు పొయ్యికి, బెండు పిల్లల బండి బొమ్మలకు. పాత చీరలు బొంతలోకి. పోయిన ఏటి నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి దబ్బనంతో కుట్టి కొత్త పుస్తకం. అందులో ఒక పక్క గీతలు, ఇంకో పక్క నాలుగు గీతల ఇంగ్లీషు కాగితం, మధ్యలో లెక్కల గళ్లు. కానీ వీటన్నింటికంటే నాకు బాగా కళ్లకు కట్టేది జనుపతాడు.

మా చేను గట్టు పొంట నాలుగు సాళ్లు జనుము వేసేవాళ్లు. అమ్మడానికి కాదు. పూత అయిపోయినంక కోసి కట్టలు కట్టి వాగులో రాళ్ల కింద నానబెట్టేవాళ్లు. నాలుగైదు రోజులకు కుళ్లి, వాగు దాటి ఇవతలికి కూడా వాసన వచ్చేది. అప్పుడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్క పుల్ల నుంచి నార ఒలవాలి. మొదట్లో పుల్ల విరగ్గొట్టి లాగితే ముక్కలు ముక్కలుగా తెగిపోయే నార, చెయ్యి తిరిగినంక చివరిదాకా ఒక్క జాలుగా వచ్చేది. ఉతికి ఆరేస్తే తెల్లగా మెరిసేది. తాడు పేనడం మా చిన్నాయిన పని. కాలి బొటనవేలికి ఒక కొస తగిలించి, తొడ మీద అరచేత్తో పేనుతూ, ఒక పురి కుడికి, రెండు పురులు కలిపి ఎడమకు. పురి ఎదురెదురు తిరుగుతుంది కాబట్టే తాడు విడిపోదు. నాకు ఇది నేర్పుతూ, పత్తి తాడు కొంటే ఏడాది, జనుపతాడు పేనితే మూడేళ్లు అనేవాడు. పలుపులు, పగ్గాలు, ముగుదాళ్లు అన్నీ పొలాలకు ముందే తయారవ్వాలి. ఎందుకంటే పొలాల నాడు ఎడ్లకు పాత తాడు ఉండొద్దు.

పొలాల అమావాస్య ఎడ్ల పండుగ. మహారాష్ట్ర పొంట ఉన్న మా జిల్లాలో దసరా తర్వాత అంత పెద్ద పండుగ అదే. ఎడ్లను వాగులో కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పి ఇంటికి తెస్తే ఆడవాళ్లు వాటి కాళ్లు కడిగి పోలెలు తినిపించేవాళ్లు. ఆ ఒక్క రోజు ఖర్చు విషయంలో బాపమ్మ కర్ర తీసేది కాదు. బెల్లం, పప్పు, నెయ్యి ఎంత పడితే అంత. జీతగానికి కొత్త బట్టలు, ఎడ్లకు కొత్త ఝూలు. ఏడాదంతా పిడికెడు పిడికెడు వెనక్కి తీసిన చెయ్యి ఆ రోజు అంత ధారాళంగా ఎట్లా తెరుచుకునేదో అని నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. గుమ్మి అడుగున ఇంకా నాలుగు వేళ్ల మందం గింజలు ఉండేవి. అవి ఉన్నాయని ఆమెకు తెలుసు. అప్పు లేకుండా ఆకలి నెలలు దాటినట్టే కదా. ఆ పొద్దు ఆమె ముఖంలో ఉన్నది సంతోషమని అనలేను, నిమ్మలం. ఆ రోజు ఊళ్లో చాలా ఇళ్లలో అదే నిమ్మలం. లేని ఇళ్లను కూడా గుర్తుపట్టవచ్చు. వాళ్లు ఎడ్లను గుడి చుట్టూ తిప్పి త్వరగా ఇంటికి పోయేవాళ్లు. గుడి పక్కనే సావుకారి దుకాణం.

ఇదంతా ఇట్లా రాస్తుంటే ఆ కాలం మళ్లీ రావాలని నేను కోరుకుంటున్నట్టు అనిపించొచ్చు. కోరుకోను. ఆ పొదుపు అందరి మీదా సమానంగా పడలేదు. రొట్టెలు చేసేది అవ్వ. కట్టెల పొగలో కూర్చొని ఒక్కొక్కటి చేత్తో తట్టి, పెనం మీద వేసి, నీళ్లు తడిపి, తిరగేసి, నిప్పుల మీద కాల్చి, ఇంట్లో ఎనిమిది మందికి. చివరి రొట్టె, మాడినదో విరిగినదో, ఆమెది. దానికి కూర మిగిలేది కాదు, మిరపతొక్కు. కర్ర ముడి కింద బొటనవేలు పడిన నెలల్లో ఆ చివరి రొట్టె కూడా ఉండేదా లేదా అని అప్పుడు ఎవరం అడగలేదు. మా అక్క ఆరో తరగతితో బడి మానింది. ఖర్చు అన్నారు. రెండేళ్ల తర్వాత నన్ను నిర్మల్‌లో హాస్టల్లో చేర్పించినప్పుడు ఆ ఖర్చు ఎక్కణ్నుంచో వచ్చింది. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మూడు రోజులు కషాయం, తర్వాతే డాక్టరు. మూడో రోజు దాటని పిల్లలు ఆ వాడకట్టులో ఉన్నారు.

ఈ లెక్క ఎప్పుడు చెదిరిందంటే, మా ఇంట్లో మాత్రం మొదట చెదిరింది సంతోషంతో. 1983లో ఎన్టీ రామారావు సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. అంతకుముందు అన్నం అంటే పండుగ, చుట్టం, బాలింత. రేషన్ బియ్యం వచ్చినంక అవ్వ ముఖం చూడాలి. ఎసరు పెట్టి బియ్యం పోస్తే అదే ఉడుకుతుంది, పక్కన ఇంకో పని చేసుకోవచ్చు. పొయ్యి ముందు రెండు గంటలు కూర్చొని తట్టాల్సిన పని లేదు. జొన్నరొట్టె పోయిందని బాధపడే వ్యాసాలు నేను చాలా చదివాను. వాటిలో ఎక్కువ మగవాళ్లు రాసినవే. అవ్వ ఒక్కసారి కూడా బాధపడలేదు. బాపమ్మ మాత్రం బియ్యం గుమ్మిలో పోయనివ్వలేదు. అవి కొనుక్కొచ్చినవి, గుమ్మిలోకి రావొద్దు అంది. బస్తాలోనే ఉండేవి. బస్తా లోతు కొలవడానికి కర్రకు ముడులు లేవు. నెల తిరిగితే మళ్లీ బియ్యం వస్తాయి కాబట్టి కొలిచే అవసరమూ లేదు.

తర్వాత పత్తి. పత్తి మా జిల్లాకు కొత్త కాదు, ఆదిలాబాద్ మార్కెట్ పాతదే. కానీ అంతకుముందు చేన్లో కొంత పత్తి, కొంత జొన్న, జొన్నల మధ్య సాళ్లలో కంది. మెల్లగా జొన్న సాళ్లు పోయి మొత్తం పత్తి అయింది. హైబ్రీడ్ విత్తనం ఏటా కొనాలి. 2002లో బీటీ విత్తనానికి అనుమతి వచ్చినంక దూలానికి వేలాడే విత్తనం అన్న మాటే లేకుండా పోయింది. విత్తనం, ఎరువు, మందు అన్నీ ఒకే దుకాణంలో, ఉద్దెర. పత్తి ఏరినంక అదే దుకాణానికి తూకం వెయ్యాలి. బాపమ్మ జీవితమంతా తప్పించుకున్న నాగు రసీదు పుస్తకం పట్టుకొని తిరిగి వచ్చింది. ఒక ఏడు ఆ దుకాణం వాళ్లు మా బాపుకు కొత్త సంవత్సరం డైరీ ఇచ్చారు. అట్ట మీద పురుగుమందు డబ్బా బొమ్మ. బాపు జీవితంలో మొదటిసారి ఇంటి ఖర్చులు రాయడం మొదలుపెట్టింది ఆ డైరీలోనే. చాలా శ్రద్ధగా రాసేవాడు, తేదీల వారీగా, ఎర్ర సిరాతో అప్పు, నీలి సిరాతో జమ. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. నీలి సిరా ఎక్కడో ఒకచోట తప్ప కనబడదు. రాయని రోజుల్లో లెక్క చేతిలో ఉంది, రాసిన రోజుల్లో జారిపోయింది. పెన్ను తప్పు కాదు. అంతకుముందు ఎంత తినాలో మేం తేల్చుకునేవాళ్లం. ఇప్పుడు ఎంత ఖర్చయ్యేదీ దుకాణం, వాన, బజారు తేలుస్తాయి.

1990లలో ఆడవాళ్ల పొదుపు సంఘాలు వచ్చాయి. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం నుంచి లేచి రాష్ట్రమంతా పాకినవి. రోజుకో రూపాయి. అవ్వ చేరింది, సంతకం నేర్చుకుంది. ఒకసారి సంఘంలో అప్పు ఎవరికి ముందివ్వాలన్న పంచాయితీ వచ్చింది. అందరూ నాకంటే నాకని అంటుంటే అవ్వ "ఎవరింట్ల గింజలు ముందుగాల ఒడుస్తయో వాళ్లకు ఇయ్యుండ్రి" అందట. ఒక పిల్ల పక్కున నవ్వి, అత్తమ్మా ఇప్పుడు ఎవరింట్ల గింజలున్నయి అని అడిగింది. అయినా ఆ సంఘాలు మంచి పనే చేశాయి. వాటి మీద నాకు గౌరవం ఉంది. ముంతలో పిడికెడు వేసిన చేతులే అవి. వాటి వెనక వచ్చి, ఇంటింటి గుమ్మం ముందు కూర్చొని వారం వారం వసూలు చేసిన సూక్ష్మ రుణ కంపెనీలు వేరే కథ. చివరికి 2010లో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

చారాన కూడా పోయింది. 2011 జూన్ తర్వాత పావలా, అంతకు తక్కువ నాణేలు చెల్లవన్నారు. బాపమ్మ అప్పటికి లేదు. గుమ్మిని అంతకు చాలా ముందే కోళ్ల గూడుకింద వాడి, చెదలు పడితే పొయ్యిలో పెట్టారు. కర్ర ఏమైందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు షుగరు వచ్చినవాళ్లు జొన్నరొట్టె అడుగుతున్నారు. రోడ్డు పక్కన సాయంత్రాలు రొట్టెలు కాల్చి అమ్మేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. జిల్లాలో యాసంగి జొన్న కూడా బాగానే వేస్తున్నారు, బోరు కింద, హైబ్రీడ్ రకం, పండినంక లారీ ఎక్కేది. వానకాలంలో వేసుకొని ఇంట్లో తినే ఎత్తు జొన్న మాత్రం మా వైపు కనబడదు. మా చిన్నాయిన కొడుకు, నాకు తమ్ముడి వరస, రెండేళ్ల కింద ఇంటి మందం తిందామని అరెకరం వేశాడు. విత్తనం గూడెం నుంచి అడిగి తెచ్చాడు. పంట బాగా వచ్చింది. కంకి గట్టిపడే వేళకు పిట్టలు దిగాయి. చుట్టూ కోసుదూరం పత్తి, మధ్యలో ఈ అరెకరం. మండలంలో ఉన్న పిట్టలన్నీ అక్కడికే. వెనకట ఊరంతా జొన్న వేసినప్పుడు పిట్టలు ఎంత తిన్నా తలా దోసెడు పోయేది. మంచెలు ప్రతి చేన్లో ఉండేవి, ఒక మంచె మీంచి కేక వేస్తే ఇంకో మంచె అందుకునేది, ఒడిసెల రాయి ఈ చేన్లోంచి లేపిన గుంపును ఆ చేన్లో ఇంకొకరు లేపేవాళ్లు. వాడు ఒక్కడే పొద్దంతా రేకు డబ్బా కొట్టాడు. రాత్రి అడవిపందులు. కావలికి కూలి మనిషిని పెడితే జొన్న బజార్లో కొన్న ధర కంటే ఎక్కువ పడుతుందని లెక్క తేలి వదిలేశాడు. చివరికి ఇంటికి వచ్చింది రెండు సంచులు.

పోయిన పొలాలకు ఊరికి పోయినప్పుడు వాడు మళ్లీ వేస్తానన్నాడు. ఒక్కడే వేస్తే మళ్లీ పిట్టలకే కాబట్టి పక్క చేన్ల వాళ్లను అడిగాడట. నలుగురు కలిసి ఒకే చోట తలా అరెకరం వేస్తే మంచె ఒకటి వేసుకొని వంతుల వారీగా కాయొచ్చని. ఒకతను సరే అన్నాడు, వాళ్లింట్లో తల్లికి షుగరు. ఇంకొకతను భార్యను అడిగి చెప్తానన్నాడు. మూడో అతను పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, హైబ్రీడ్ జొన్నకు 3,699 అని ఫోనులో తీసి చూపించి, మీ జొన్నకు ఆ ధర కూడా రాదు కదా తమ్మీ అన్నాడట. "అమ్మనీకె కాదే అన్నా, తిననీకె" అన్నాడు మావాడు. అయితే మిరుగం నాటికి చూద్దాం అన్నాడట అతను.